కొలిచి పోసే పెట్రోలు

1964లో పాంటియాక్ కంపెనీ తన మధ్యతరహా టెంపెస్ట్ కారులో 389 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్‌ను, మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 6.4 లీటర్ల ఇంజన్‌ను, బిగించి జీటీవో పేరుతో అమ్మకానికి పెట్టింది. మజిల్ కార్ల కాలం అక్కడే మొదలైందని అమెరికాలో ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఆ వెనకే కమారో, చార్జర్, రోడ్ రన్నర్, చాలెంజర్ వరసకట్టాయి. 1970లో షెవెల్ ఎస్ఎస్ 454కు 450 హార్స్ పవర్ అని కంపెనీ ప్రకటించేదాకా ఆ పోటీ సాగింది. తర్వాత కాలుష్య చట్టాలు, బీమా భారం, 1973 చమురు సంక్షోభం కలిసి ఆ ముచ్చట ముగించాయి. మిగిలిన కార్లను మాత్రం యజమానులు ప్రాణంగా చూసుకుంటూ ఇప్పటికీ నడుపుతున్నారు. వీటన్నిటికీ ఇంజన్ నెత్తిన ఉండేది కార్బ్యురేటరే. దాన్ని విప్పేసి, కంప్యూటరు అదుపులో పనిచేసే ఫ్యూయల్ ఇంజెక్షన్ బిగించడం అక్కడ ఇప్పుడు మామూలు పనైపోయింది. ఎందుకని అడిగితే పవర్ పెరుగుతుందన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ జవాబు నిలబడదు. ఈ మార్పిడిలో ఉన్న మేలు వేరు. ఇంజన్‌లోకి ఎంత గాలి వెళ్లిందో లెక్కగట్టడం, దానికి సరిపడా పెట్రోలు పోయడం, పోసింది సరిపోయిందో లేదో మళ్లీ చూసుకోవడం అన్న మూడు పనుల్లో కార్బ్యురేటరుకు మొదటిది సగమే వచ్చు, చివరిది అసలే రాదు. ఇంజెక్షన్‌కు మూడూ వచ్చు. అయితే ఆ మేలు చేతికి అందాలంటే శ్రద్ధగా చేయాల్సిన పని ఎక్కువగా ఇంజన్ మీద ఉండదు. వెనక పెట్రోలు ట్యాంకులోనూ, వైరింగులోనూ ఉంటుంది. ఈ వ్యాసం వాదన అదే.

ముందుగా కార్బ్యురేటరుకు దక్కాల్సిన గౌరవం దానికి దక్కాలి. 1957లో వచ్చిన హోలీ 4150 లాంటి ఫోర్ బ్యారెల్ కార్బ్యురేటరును బల్లమీద పెట్టి విప్పితే, ఒక్క కరెంటు తీగ కూడా లేకుండా ఇన్ని పనులు ఎలా చేయించారా అని ఆశ్చర్యం కలుగుతుంది. దాని అసలు సూత్రం చిన్నది. గాలి గొట్టానికి నడుము దగ్గర సన్నగా చేస్తే అక్కడ గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది. పక్కనున్న ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు మీద మాత్రం మామూలు వాతావరణ పీడనమే ఉంటుంది. ఆ తేడాయే పెట్రోలును జెట్ అనే సన్నని రంధ్రం గుండా గాలిలోకి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోలూ ఎక్కువ వస్తుంది. చిక్కల్లా ఈ సూత్రం అన్ని వేళలా పనిచేయకపోవడంలో ఉంది. బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఆ నడుము గుండా పోయే గాలి పెట్రోలును లాగడానికి చాలదు. అందుకు వేరే సన్నని దారి పెట్టారు. ఎక్సలేటర్ ఒక్కసారి తొక్కితే తేలికైన గాలి ముందు ఉరుకుతుంది, బరువైన పెట్రోలు వెనకబడుతుంది. ఆ లోటు పూడ్చడానికి పెడల్‌తో పాటు కదులుతూ పెట్రోలు చిమ్మే చిన్న పంపు పెట్టారు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకాస్త చిక్కటి మిశ్రమం కావాలి. సిలిండర్లకు గాలిని పంచే మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ తగ్గగానే తెరుచుకునే పవర్ వాల్వ్ ఆ పని చూస్తుంది. చలిలో స్టార్ట్ చేయడానికి చోక్ ఉంది. ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క జవాబు చొప్పున దశాబ్దాల పాటు ఇంజనీర్లు పేర్చుకుంటూ వచ్చిన యంత్రం అది. స్ప్రింగులతో, డయాఫ్రమ్‌లతో, ఇత్తడి జెట్లతో చేసిన కంప్యూటరు అంటే అతిశయోక్తి కాదు.

కానీ ఆ కంప్యూటరుకు గాలి బరువు తెలియదు. ఇంజన్‌లో మండేది గాలి ఘనపరిమాణాన్ని బట్టి కాదు, అందులో ఉన్న ఆక్సిజన్ ద్రవ్యరాశిని బట్టి. మామూలు పెట్రోలు ఒక గ్రాము పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. వెంచురీలో, అంటే ఆ సన్నని నడుములో, ఒకే ఒత్తిడి తేడా దగ్గర గాలి ప్రవాహం దాని సాంద్రత వర్గమూలానికి అనుగుణంగా మారుతుంది. జెట్‌లోంచి వచ్చే పెట్రోలు సాంద్రత మాత్రం ఇంచుమించు మారదు. అంటే గాలి పలచబడితే గాలి బరువు తగ్గుతుంది కానీ పెట్రోలు ఆ మేరకు తగ్గదు, మిశ్రమం చిక్కబడుతుంది. లెక్క వేసి చూద్దాం. దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్‌లో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 15 శాతం తక్కువ. సముద్రమట్టం దగ్గర సరిచేసిన కార్బ్యురేటరు అక్కడ 8 శాతం ఎక్కువ పెట్రోలు పోస్తుంది. అదే కారు డెన్వర్ నుంచి పడమరగా కొండలెక్కి, 3,400 మీటర్ల ఎత్తులోని ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గరికి చేరేసరికి ఆ ఎక్కువ దాదాపు 18 శాతం అవుతుంది. ప్లగ్గులు నల్లబడతాయి, ఐడిలింగ్‌లో ఇంజన్ కొట్టుకుంటుంది, మండని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. కొండ ఎక్కకపోయినా, సున్నా డిగ్రీల ఉదయానికీ 40 డిగ్రీల మధ్యాహ్నానికీ మధ్య ఇదే లెక్కన 7 శాతం తేడా వస్తుంది. మెకానిక్ ఎంత నేర్పరి అయినా కార్బ్యురేటరును ఒక ఊరికి, ఒక కాలానికి సరిచేయగలడు. ఊరు మారినా, కాలం మారినా ఆ సవరణ తప్పిపోతుంది.

ఊరికంటే, కాలంకంటే గట్టిగా మారింది పెట్రోలే. ఈ కార్లు పుట్టిన నాటి ప్రీమియం పెట్రోలులో సీసం సమ్మేళనం కలిసి ఉండేది. అధిక కంప్రెషన్ ఇంజన్లు నాక్ అవకుండా ఉండటానికి అదే ఆధారం. 1975 మోడళ్ల నుంచి కెటలిటిక్ కన్వర్టర్లు రావడంతో సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయింది. 1996 జనవరి 1 నుంచి రోడ్డు మీద నడిచే వాహనాలకు సీసం పెట్రోలును అమెరికా పూర్తిగా నిషేధించింది. ఆ తర్వాత ఇథనాల్ వచ్చింది. అక్కడి బంకుల్లో ఇప్పుడు ఎక్కువగా దొరికేది పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది కాబట్టి ఈ మిశ్రమానికి 14.7కు బదులు 14.1 పాళ్ల గాలి చాలు. పాత జెట్ మాత్రం పాత లెక్కే పోస్తుంది. ఫలితంగా ఇంజన్ నాలుగు శాతం పలచని మిశ్రమంతో నడుస్తుంది, వేడెక్కుతుంది, పికప్‌లో తడబడుతుంది. పైగా ఇప్పటి పెట్రోలు ఇంజెక్షన్ బండ్ల కోసం తయారయ్యేది. ఒత్తిడిలో, మూసిన పైపుల్లో తిరిగే ఇంధనం కాబట్టి తక్కువ వేడికే ఆవిరయ్యే భాగాలు అందులో ఎక్కువ ఉన్నా ఆ బండ్లకు నష్టం లేదు. వేడి మ్యానిఫోల్డ్ మీద తెరిచిన గిన్నెలా కూర్చున్న కార్బ్యురేటరుకు అదే శాపమైంది. ఇంజన్ ఆపిన పది నిమిషాలకు గిన్నెలోని పెట్రోలు మరిగి మ్యానిఫోల్డ్‌లోకి పొంగుతుంది, మళ్లీ స్టార్ట్ చేయబోతే ఇంజన్ ఓవర్‌ఫ్లో అయి మొరాయిస్తుంది. రెండు వారాలు షెడ్డులో ఉంచితే గిన్నె ఎండిపోతుంది, బ్యాటరీ నీరసపడేదాకా సెల్ఫ్ కొట్టాలి. ఈ బాధ మనకూ పరాయిది కాదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారాయి, ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు మన బంకుల్లోకి వచ్చింది. అంతకుముందరి కార్బ్యురేటర్ బండ్లు ఇంట్లో ఉన్నవాళ్లు ఎదుర్కొంటున్నది ఇదే సమస్య. ఇరవై శాతం మిశ్రమంతో తేడా దాదాపు తొమ్మిది శాతానికి చేరుతుంది.

ఇంజెక్షన్ ఈ సమస్యను వేరే దారిలో పరిష్కరిస్తుంది. గాలి ప్రవాహంతో పెట్రోలును లాగించే పనే అది పెట్టుకోదు. గాలి బరువును లెక్కగడుతుంది. 1967లో కమారోతో పాటు వచ్చిన 350 ఘనపు అంగుళాల షెవర్లే వీ8 ఇంజన్‌ను తీసుకుందాం. దాని సామర్థ్యం సుమారు 5.7 లీటర్లు. హైవే మీద నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజన్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి అన్ని సిలిండర్లూ నిండుతాయి. మ్యానిఫోల్డ్‌లోని గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సరు 45 కిలోపాస్కల్స్ అని చెబుతోంది, గాలి ఉష్ణోగ్రత సెన్సరు 40 డిగ్రీలు అంటోంది, ఆ వేగం దగ్గర సిలిండర్లు 75 శాతం నిండుతాయని ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటరు, అంటే ఈసీయూ, పట్టికలో ఉంది. ఆ ఒత్తిడిలో, ఆ వేడిలో లీటరు గాలి బరువు అర గ్రాము. ఇవన్నీ గుణిస్తే నిమిషానికి మూడు కిలోలకు కాస్త పైగా గాలి ఇంజన్‌లోకి పోతున్నట్టు తేలుతుంది. దాన్ని 14.7తో భాగిస్తే నిమిషానికి 220 గ్రాముల పెట్రోలు కావాలి. ఒక్కో సిలిండరు సెకనుకు 25 సార్లు గాలి పీల్చుకుంటోంది, పీల్చిన ప్రతిసారీ దానికి అందాల్సిన పెట్రోలు 18 మిల్లీగ్రాములు. గంటకు వంద పౌండ్లు, అంటే 45 కిలోలు, పోయగల ఇంజెక్టరు అంత పెట్రోలు చిమ్మడానికి సుమారు ఒకటిన్నర మిల్లీ సెకన్లు తెరుచుకుంటే చాలు. కారు కొండెక్కితే మ్యాప్ సెన్సరు అంకె మారుతుంది, ఎండెక్కితే ఉష్ణోగ్రత అంకె మారుతుంది, వాటితో పాటు ఆ ఒకటిన్నర మిల్లీ సెకన్లూ మారతాయి. డెన్వర్ వచ్చిందని జెట్లు మార్చే పని ఉండదు.

ఇంతవరకూ ఇది మంచి అంచనా మాత్రమే. అంచనాను సరిచూసుకునేది ఎగ్జాస్ట్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సరు. లాంబ్డా సెన్సరు అని కూడా పిలిచే ఈ బాష్ కంపెనీ పరికరాన్ని 1976లో వోల్వో కార్లలో తొలిసారి వాడుకలోకి తెచ్చారు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి మిశ్రమం చిక్కగా ఉందా, పలచగా ఉందా అన్నది అది చెప్పేది. తర్వాత వచ్చిన వైడ్‌బ్యాండ్ సెన్సరు ఎంత చిక్కగా, ఎంత పలచగా అన్నదీ చెబుతుంది. వంటలో ఉప్పు అలవాటు కొద్దీ చేత్తో వేయడానికీ, వేశాక గరిటెతో రుచి చూడటానికీ ఉన్న తేడా ఇక్కడ ఉంది. ఈ సెన్సరుకు ఇంకో గొప్ప గుణం ఉంది. అది పెట్రోలు రకాన్ని పట్టించుకోదు, మండాల్సింది మండిందా లేదా అన్నదే చూస్తుంది. బంకులో పది శాతం ఇథనాల్ పదిహేను అయినా ఈసీయూ ఆ మేరకు ఇంజెక్టరు తెరిచే కాలాన్ని పెంచుకుంటుంది, ఎవరూ స్క్రూ తిప్పనక్కర్లేదు. సీసం ఈ సెన్సరును చంపేస్తుంది. అంటే మజిల్ కార్లు పుట్టిన కాలంనాటి పెట్రోలుతో ఈ పరికరం బతికేదే కాదు. పాత ఇంధనం పోవడం ఈ ఇంజన్లకు చేసిన నష్టం, దానికి మందు, రెండూ ఒకే మార్పులోంచి వచ్చాయి.

ఇక పవర్ సంగతి. కార్బ్యురేటరును సమర్థించేవాళ్లు ఇక్కడ చెప్పేది నిజం, దాన్ని ఒప్పుకోవాలి. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టినప్పుడు, చక్కగా ట్యూన్ చేసిన కార్బ్యురేటరు ఇంజెక్షన్‌కు ఏమాత్రం తీసిపోదు. పెట్రోలు గాలిలోకి ముందే చేరి ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది, చల్లటి గాలి ఎక్కువ పడుతుంది. దీనికి బలమైన సాక్ష్యం నాస్కార్. ప్రపంచంలోని పెద్ద రేసు పోటీల్లో ఒకటైన దాని కప్ సిరీస్‌లో 2011 దాకా కార్బ్యురేటర్లే వాడారు, ఇంజెక్షన్ వచ్చింది 2012లో. వీధుల్లో తిరిగే కొత్త కార్లు అప్పటికి రెండు దశాబ్దాల కిందటే కార్బ్యురేటరును వదిలేశాయి. పవర్ ఒక్కటే లెక్కయితే రేసు కార్లు ముందు మారి, వీధి కార్లు తర్వాత మారాలి. జరిగింది దానికి తలకిందులు. రేసు కారు ఎక్కువ సేపు పూర్తి వేగంలోనే ఉంటుంది, ప్రతి రేసుకు ముందు ఆ ఊరి గాలికి తగ్గట్టు దాన్ని ట్యూన్ చేసే జట్టు పక్కనే ఉంటుంది. వీధి కారు చలిలో స్టార్ట్ కావాలి, సిగ్నల్ దగ్గర ఆగాలి, సగం ఎక్సలేటర్‌లో గంటలు తిరగాలి. కొలత అవసరమయ్యేది అక్కడ. కాబట్టి పాత కారు యజమాని ఇంజెక్షన్ కోసం డబ్బు పెడితే పవర్ కొలిచే డైనమోమీటరు మీద పెద్ద అంకె కోసం పెట్టకూడదు. చలి ఉదయం ఒక్క సెల్ఫ్‌కే ఇంజన్ అందుకోవడం కోసం, కొండ మీదా మైదానంలోనూ ఒకేలా నడవడం కోసం పెట్టాలి. మైలేజీ కూడా అంతే. కార్బ్యురేటరు ఎంత అధ్వానంగా ఉందో దాన్ని బట్టి లాభం ఉంటుంది, బాగా ట్యూన్ అయి ఉన్నదైతే పెద్ద తేడా కనిపించదు.

ఇంజెక్షన్ అంత మేలైతే మొదట్లో ఎందుకు విఫలమైంది అన్నది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబులోనే ఇప్పటి మార్పిడి పనికి కావాల్సిన పాఠం ఉంది. బెండిక్స్ కంపెనీ 1950లలోనే ట్రాన్సిస్టర్లతో ఎలెక్ట్రోజెక్టర్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను తయారు చేసింది. 1958లో క్రైస్లర్ 300డీ, డిసోటో అడ్వెంచరర్, డాడ్జ్ డీ-500, ప్లిమత్ ఫ్యూరీ కార్లలో దాన్ని ఐచ్ఛికంగా ఇచ్చారు. కొన్నవాళ్లు కొద్దిమందే. ఆ కొద్ది కార్లలోనూ చాలావాటికి తర్వాత కార్బ్యురేటర్లు తిరిగి బిగించారు. పెట్రోలును కొలిచి చిమ్మాలన్న ఆలోచనలో తప్పు లేదు. ఆనాటి ఎలక్ట్రానిక్ భాగాలు ఇంజన్ దగ్గరి వేడికీ, కుదుపులకూ తట్టుకోలేకపోయాయి. ఆ పేటెంట్ల ఆధారంతోనే బాష్ డీ-జెట్రానిక్‌ను తయారు చేసి 1967లో ఫోక్స్‌వాగన్ 1600లో పెట్టింది, అది నిలబడింది. క్రైస్లర్‌కు మళ్లీ 1981లో అదే అనుభవం ఎదురైంది. ఇంపీరియల్ కారులో పెట్టిన తన సొంత ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ సతాయించడంతో కంపెనీయే చాలా కార్లకు దాన్ని తీసేసి కార్బ్యురేటర్ వేసి ఇచ్చింది. ఇవాళ గ్యారేజీల్లో ఇంజెక్షన్ బిగించి విసిగిపోయి మళ్లీ కార్బ్యురేటరుకు వెళ్లిపోతున్న కార్లను పరిశీలించినా తేలేది ఇదే. కొత్త కిట్టులోని ఈసీయూ మంచిదే. దానికి అందే పెట్రోలు ఒత్తిడి, కరెంటు మంచివి కావు.

పెట్రోలు సంగతి ముందు చూద్దాం. పాత కారులో ఇంజన్ పక్కనే బిగించిన మెకానికల్ పంపు ఆరేడు పీఎస్ఐ ఒత్తిడితో పెట్రోలును గిన్నెలోకి నింపుతుంది. ట్యాంకు అడుగున పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు మలుపులో అది పక్కకు పారి, పంపు ఒక్క క్షణం గాలి పీల్చినా నష్టం లేదు. గిన్నెలో ఉన్న నిల్వ ఆ క్షణాన్ని దాటించేస్తుంది. ఇంజెక్షన్‌కు 58 పీఎస్ఐ దరిదాపుల్లో స్థిరమైన ఒత్తిడి కావాలి, దానికి గిన్నె లేదు. ఇంజెక్టరు ఎంత పోయాలన్నది తెరిచి ఉంచిన కాలాన్ని బట్టి నిర్ణయమవుతుంది, ఒత్తిడి స్థిరంగా ఉందన్న నమ్మకం మీదే ఆ లెక్క నిలబడుతుంది. పంపు గాలి మింగితే ఒకటిన్నర మిల్లీ సెకన్లలో 18 మిల్లీగ్రాములు రావు, మలుపు మధ్యలో ఇంజన్ పడిపోతుంది. 1960ల ట్యాంకుల్లో పెట్రోలును పట్టి ఉంచే లోపలి అడ్డుగోడలు సరిపడా ఉండవు. అందుకే పంపును ట్యాంకు లోపలే, చుట్టూ చిన్న తొట్టి పెట్టి, పెట్రోలులో మునిగి ఉండేలా బిగించడం సరైన పద్ధతి. పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది కూడా. ఖర్చు తగ్గుతుందని పంపును బయట ఛాసిస్ రైలుకు తగిలిస్తే అది పెట్రోలును నెట్టడానికి ముందు లాగాల్సి వస్తుంది, ఆ లాగుడులో వేడి పెట్రోలు ఆవిరి బుడగలు కడుతుంది, ఎండాకాలం ట్రాఫిక్‌లో అరుస్తూ ఆగిపోతుంది. కార్బ్యురేటర్ కాలపు రబ్బరు గొట్టం ఈ ఒత్తిడికి పనికిరాదు. ఇంజెక్షన్ కోసం చేసిన గొట్టమే వేయాలి, క్లిప్పులు కూడా మారాలి. మెకానికల్ పంపు ఇంజన్ ఆగితే తానూ ఆగుతుంది. ఎలక్ట్రిక్ పంపు అలా ఆగదు కాబట్టి ఇంజన్ తిరగడం ఆగిన వెంటనే దాని కరెంటును ఈసీయూ తెంచేలా ఉండాలి. ప్రమాదంలో పైపు తెగితే మంట అంటుకోకుండా కాపాడేది అదే. ఈ ఒక్క విషయంలో రాజీ పడటానికి వీల్లేదు.

కరెంటు సంగతి మరీ సున్నితమైనది. పాత పాయింట్ల ఇగ్నిషన్‌లో పాయింట్లు విడిపోయిన క్షణాన కాయిల్ ప్రైమరీ వైపే రెండు మూడు వందల ఓల్టులు లేస్తాయి, సెకండరీ వైపు వేల ఓల్టులు. రెసిస్టెన్స్ లేని పాత రాగి ప్లగ్ వైర్లు ఆ మెరుపును రేడియో స్టేషన్ మాదిరి చుట్టూ ప్రసారం చేస్తాయి. ఈసీయూ మాత్రం ఐదు ఓల్టుల సెన్సరు సంకేతంలో పదో వంతు తేడాను కూడా పట్టించుకోవాలి. సెన్సరు వైరును ప్లగ్ వైరు పక్కనే కట్టేస్తే ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో కూడా ఈసీయూకు సరిగ్గా తెలియదు. కాబట్టి రెసిస్టెన్స్ ఉన్న ప్లగ్ వైర్లు, వాటికి దూరంగా వేసిన సెన్సరు వైర్లు, ఈసీయూకు బ్యాటరీ నుంచే నేరుగా కరెంటూ ఎర్తూ, ఇంజన్ నుంచి బాడీకి మందపాటి ఎర్త్ పట్టీ తప్పనిసరి. ఎర్త్ బిగించే చోట యాభై ఏళ్ల పెయింటునూ తుప్పునూ గీకి మెరిసే లోహం కనిపించేలా చేయాలి. స్టార్టర్ తిరిగేటప్పుడు పెద్ద ఇంజన్ల బ్యాటరీ ఓల్టేజీ పదికి, ఇంకా కిందికి పడిపోతుంది. ఓల్టేజీ తగ్గితే ఇంజెక్టరు ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఈసీయూలో దాన్ని సరిచేసే పట్టిక ఉంటుంది కానీ, నీరసించిన బ్యాటరీకి ఏ పట్టికా మందు కాదు. పంపు ఒక్కటే పది ఆంపియర్ల దాకా లాగుతుంది, ఎలక్ట్రిక్ ఫ్యాను తోడైతే ఇంకా ఎక్కువ. ఆ కాలపు ఆల్టర్నేటర్లు ఐడిలింగ్‌లో ఇచ్చే కరెంటు దీనికి చాలదు. అమ్మకాల ప్రకటనలో కనిపించే కిట్టు ధర వెయ్యి డాలర్లకు పైన ఉంటే, ట్యాంకు, పంపు, గొట్టాలు, ఆల్టర్నేటరు కలిపి దానికి దీటుగా మరో ఖర్చు ఉంటుందని ముందే లెక్కలో పెట్టుకోవాలి. డబ్బు చాలకపోతే కిట్టు కొనడం వాయిదా వేసుకుని ముందు ట్యాంకు, వైరింగు సరిచేసుకోవడం మేలు.

ఇప్పుడు దొరికే కిట్లు తమంతట తామే నేర్చుకుంటాయని చెబుతారు. అది చాలావరకు నిజమే. ఇంజన్ సామర్థ్యం, క్యామ్ రకం అడిగి ఒక ప్రాథమిక పట్టిక వేసుకుంటాయి, నడిచేకొద్దీ ఆక్సిజన్ సెన్సరు చెప్పినదాన్ని బట్టి ఆ పట్టికను దిద్దుకుంటాయి. అయితే ఆ సెన్సరు చూసేది ఆక్సిజన్‌నే. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర సన్నగా లీకు ఉంటే బయటి గాలి లోపలికి దూరి పొగలో ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తుంది. మిశ్రమం పలచగా ఉందనుకుని ఈసీయూ ఇంకా ఇంకా పెట్రోలు పోస్తుంది. ఒక ప్లగ్గు మండకపోయినా అంతే, మండని గాలి బయటికొచ్చి పలచదనంగా లెక్కలోకి ఎక్కుతుంది. రేసు క్యామ్ వేసిన ఇంజన్లతో ఇబ్బంది మరీ ఎక్కువ. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు ఒకేసారి తెరిచి ఉండటంతో ఐడిలింగ్‌లో కొంత తాజా గాలి మండకుండానే సైలెన్సర్ వైపు జారిపోతుంది, మ్యాప్ సెన్సరు అంకె కూడా నిలకడగా ఉండదు. అలాంటి ఇంజన్‌కు ఐడిలింగ్ దగ్గర సెన్సరు సవరణను ఆపేసి, పట్టికను మనిషి చేత్తోనే దిద్దాలి. కాబట్టి లీకులు, బలహీనమైన ప్లగ్గులు, అరిగిన డిస్ట్రిబ్యూటరు ఉన్న ఇంజన్‌కు ఇంజెక్షన్ పెడితే జబ్బు దాగదు, కొత్త వేషంలో బయటపడుతుంది. అందుకే మార్పిడికి ముందే కంప్రెషన్, వాక్యూమ్ పరీక్షించడం మంచి మెకానిక్ లక్షణం.

రూపాల్లో రెండున్నాయి. కార్బ్యురేటరు ఉన్న చోటే, అదే నాలుగు బోల్టుల మీద కూర్చునే థ్రాటిల్ బాడీ రకం ఒకటి. హోలీ స్నైపర్, ఫైటెక్ లాంటివి ఆ కోవలోవి, పైన ఎయిర్ ఫిల్టర్ మూత పెడితే బయటి కంటికి తేడా తెలియదు. ఒక్కో సిలిండరు వాల్వు దగ్గర ఒక్కో ఇంజెక్టరు ఉండే పోర్ట్ రకం రెండోది. దానికి మ్యానిఫోల్డ్ కూడా మార్చాలి. థ్రాటిల్ బాడీ రకంలో పెట్రోలు పాత మ్యానిఫోల్డ్ పొడవునా ప్రయాణించాలి కాబట్టి చివరి సిలిండర్లకు ఒకలా, మధ్య సిలిండర్లకు ఇంకోలా అందే పాత లోపం కొంత మిగిలే ఉంటుంది. సెన్సరు చూసేది అన్నిటి సగటు. ఖచ్చితత్వమే పరమావధి అయితే పోర్ట్ రకమే మేలు. కానీ వారాంతాల్లో రోడ్డెక్కే పాత కారుకు థ్రాటిల్ బాడీ చాలు, అందులోనూ దాన్ని తిరిగి విప్పేయడం తేలిక.

దారిలో ఆగితే స్క్రూడ్రైవర్‌తో బాగుచేసుకోగలిగిన కార్బ్యురేటరు ఎక్కడ, ల్యాప్‌టాప్ కావాల్సిన ఇది ఎక్కడ అన్న అభ్యంతరం బరువైనదే. కార్బ్యురేటరు చెడేటప్పుడు కొన్నాళ్లు మూలిగి చెబుతుంది. పంపు కాలిపోతే ఇంజెక్షన్ బండి ఉన్నపళంగా నిలిచిపోతుంది. అయితే కార్బ్యురేటరు అంత తరచుగా స్క్రూడ్రైవరు అడగడానికి కారణం దానికి తనను తాను దిద్దుకునే శక్తి లేకపోవడమే అన్నది మరిచిపోకూడదు. ఇక పరిష్కారం కిట్టును ఎంచుకోవడంలో ఉంది. చాలా కిట్లలో నీటి ఉష్ణోగ్రత సెన్సరు జీఎం కార్లలో వాడే రకమే, ఆక్సిజన్ సెన్సరు బాష్ ఎల్ఎస్‌యూ 4.9, రెండూ ఏ స్పేర్ పార్ట్స్ కొట్టులోనైనా దొరుకుతాయి. అలాంటివి కొని, ఒక రిలే, ఒక పంపు డిక్కీలో ఉంచుకుంటే రోడ్డు మీద ఆగే కారణాల్లో ఎక్కువ భాగం చేతిలోనే ఉంటాయి. తన సొంత సెన్సర్లే వాడాలనే కిట్టును మాత్రం దూరం పెట్టాలి. ఆ కంపెనీ మూతపడితే కారూ మూలపడుతుంది.

మిగిలింది చరిత్ర. ఫ్యాక్టరీలో 426 హెమీ ఇంజన్‌తో, రెండు కార్టర్ కార్బ్యురేటర్లతో వచ్చిన ప్లిమత్‌లాంటి అరుదైన కారుకు ఇంజెక్షన్ పెట్టకూడదు. అది ఆ కాలపు ఇంజనీరింగుకు సాక్ష్యం, దాని విలువ నడకలో లేదు, ఉన్నది ఉన్నట్టు ఉండటంలో ఉంది. కానీ లక్షల్లో తయారై, ఇప్పటికే నాలుగు సార్లు ఇంజన్ మారిన మామూలు కమారోకో మస్టాంగ్‌కో ఆ నియమం వర్తించదు. అలాంటి కారుకు రోడ్డెక్కడమే బతుకు. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందరి మోడళ్లకు స్మాగ్ పరీక్ష కూడా లేదు కాబట్టి ఎంత పొగ వదులుతోందన్నది చాలావరకు యజమాని మనస్సాక్షికే మిగిలింది. కొలిచి పోసే పెట్రోలు ఆ పొగను తగ్గిస్తుంది. ఇక పాతదనం పోకుండా చూసుకోవాలంటే దారి ఉంది. పాత ట్యాంకును కోయకుండా కొత్త ట్యాంకు వేసుకోవచ్చు. కార్బ్యురేటరును, మెకానికల్ పంపును, దాని పుష్‌రాడ్‌ను, పాత స్టీలు పైపులను శుభ్రం చేసి, ఏది ఎక్కడిదో రాసి పెట్టెలో భద్రపరచవచ్చు. ఈసీయూ వైర్లను ఫ్యాక్టరీ వైరింగ్‌ను తెంపకుండా విడిగా లాగవచ్చు. ఇలా చేస్తే కారు లోహంలో శాశ్వతంగా మిగిలేది ఎగ్జాస్ట్ పైపుకు ఆక్సిజన్ సెన్సరు కోసం వేసిన ఒక్క రంధ్రం. ఎగ్జాస్ట్ పైపులు తుప్పుపట్టి మారిపోతూనే ఉంటాయి కాబట్టి, తర్వాతి యజమాని పైపు మార్చి, పెట్టెలోని సామాను తిరిగి బిగించుకుంటే ఆ కారు మళ్లీ మొదటి రూపానికి వచ్చేస్తుంది.